డెల్టా వాలును చదివిన కాటన్ దొర

మన సంఘ సభ్యులలో చాలామందికి ఉదయపు నడక కాలువ గట్టు మీదనే. అలా నడిచేటప్పుడు ఒక్కసారి రెండు పక్కలా పరికించి చూడండి. కాలువలో నీరు పక్కనున్న చేల కంటే ఎత్తులో పారుతూ ఉంటుంది. చేలు దాటి మరికొంత దూరం పోతే, పల్లంలో మురుగు కాలువ కనిపిస్తుంది. మంచి నీరు ఎత్తున వచ్చి, చేను తడిపి, మిగిలింది పల్లాన దిగి సముద్రానికి పోతుంది. మోటరు లేదు, ఏతాం లేదు. నేల వాలే ఈ పని అంతా చేస్తున్నది.

పుట్టినప్పటి నుంచి చూస్తున్నాము గనుక ఇదంతా గోదావరి తల్లి తనంతట తాను ఇచ్చిన ఏర్పాటు అనుకుంటాము. కాని నూట డెబ్భై అయిదేళ్ళ కిందట ఒక మనిషి గుర్రం మీదా, పడవ మీదా, కాలినడకనా ఈ నేలంతా తిరిగి, వాలు కొలిచి, కాగితం మీద గీసుకున్న ఏర్పాటు ఇది. ఆయనే మనం కాటన్ దొర అని పిలుచుకునే జనరల్ సర్ ఆర్థర్ థామస్ కాటన్. ఆయన విగ్రహం లేని ఊరు డెల్టాలో అరుదు. ఆనకట్ట కట్టిన మహానుభావుడని అందరమూ చెప్పుకుంటాము. అయితే ఆనకట్ట ఆయన పనిలో ఒక భాగం మాత్రమే. ఒక ప్రాంతం ముఖాన్నే దిద్దిన రూపశిల్పిగా ఆయనను తలచుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదిహేనేళ్ళకే చదువు, పద్దెనిమిదేళ్ళకే కొలువు

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కు ఆయన పదవ కుమారుడు. పదిహేనవ ఏట ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరారు. తరువాత కొంతకాలం వేల్స్ ప్రాంతంలో భూమి సర్వే పనిలో శిక్షణ పొందారు. నేలను కొలిచే ఆ అలవాటే ఆయన జీవితమంతటికీ పెట్టుబడి అయింది. 1821లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగిగా మన దేశంలో అడుగు పెట్టారు.

మొదటి సంవత్సరాలలో ఆయనకు దక్షిణాది జిల్లాల చెరువుల పని అప్పగించారు. కోయంబత్తూరు, మధుర, తిరునల్వేలి, తిరుచినాపల్లి, తంజావూరు ప్రాంతాలు తిరిగారు. పాంబన్ వద్ద ఓడల దారిని సర్వే చేశారు. మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. అక్కడి నుంచి తిరిగి వచ్చాక 1828లో కెప్టెన్ హోదాతో కావేరి నది పరిశీలన ఆయన చేతికి వచ్చింది. ఆయన అసలు చదువు అక్కడ మొదలయింది.

కావేరి నేర్పిన పాఠం

ఆనాడు తంజావూరు ఒక ఆపదలో ఉంది. శ్రీరంగం దగ్గర కావేరి రెండు పాయలుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొళ్ళిడం నానాటికీ లోతై నీరంతా తనవైపు లాక్కుంటున్నది. దక్షిణపు పాయ కావేరి ఇసుక మేట వేసి ఎండుతున్నది. శతాబ్దాలుగా పండుతున్న చేలకు నీరు తగ్గిపోతున్నది. కాటన్ 1836లో కొళ్ళిడం మీద ఎగువ ఆనకట్టను, చాలా దూరం దిగువన మరో ఆనకట్టను కట్టించారు. తంజావూరు నిలబడింది.

కాని ఆ విద్య ఆయన తన దేశం నుంచి తెచ్చుకున్నది కాదు. లోతు తెలియని ఇసుకలో, రాతి నేల దొరకని చోట, నదికి అడ్డంగా కట్టడం ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు జవాబు ఆయనకు కల్లణైలో దొరికింది. కరికాల చోళుడు కట్టించాడని ప్రతీతి ఉన్న ఆ పాత ఆనకట్టను ఆయన శ్రద్ధగా పరిశీలించారు. ఇసుకలో రాళ్ళు పోస్తూ పోతే అవి కొంతవరకు దిగి, ఒకదాని మీద ఒకటి సర్దుకొని, చివరికి కదలకుండా నిలుస్తాయన్న రహస్యం మన పూర్వులకు ఎన్నడో తెలుసునని గ్రహించారు. ఆ మాట దాచుకోలేదు, తన దేశస్థుల ముందు బాహాటంగా ఒప్పుకున్నారు. అధికారం చేతిలో ఉన్న జాతికి చెందినవాడు, ఏలుబడిలో ఉన్నవారి పూర్వులకు శిష్యుడనని చెప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఎండలు, జ్వరాలు ఆయన ఆరోగ్యాన్ని పీల్చివేశాయి. సెలవు మీద ఆస్ట్రేలియా వైపు వెళ్ళి, టాస్మేనియాలో 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహం చేసుకున్నారు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో సముద్రపు కోతను ఆపే పనిలో పెట్టారు. అక్కడ ఉండగా గోదావరి ఆయన కంట పడింది.

కరువుల గోదావరి

ఇప్పుడు అన్నపూర్ణ అని పిలుచుకునే ఈ నేల అప్పుడు ఎలా ఉండేదో మన పిల్లలకు చెబితే నమ్మరు. 1831 తుపాను, ఆ వెంటనే 1832–33 కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన, ఇలా పదేళ్ళలో దెబ్బ మీద దెబ్బ తగిలింది. వరద వస్తే గట్లు తెగి ఊళ్ళు మునిగేవి. వరద పోతే కళ్ళెదుట నది ఉండగానే చేలు ఎండేవి. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో ఏడు లక్షల ముప్ఫై వేలు దాటి ఉండగా, 1841 నాటికి అయిదు లక్షల అరవై వేలకు పడిపోయింది. చనిపోయినవారు కొందరు, ఊరు విడిచి పోయినవారు కొందరు.

జనంతోపాటు కంపెనీ శిస్తు కూడా పడిపోయింది. అప్పుడు గాని దొరలకు మెలకువ రాలేదు. సర్ హెన్రీ మాంట్‌గొమరీ అనే అధికారి జిల్లాను పరిశీలించి 1844లో నివేదిక ఇచ్చారు. తంజావూరును నిలబెట్టిన ఇంజనీరును ఇక్కడికి పంపడం దాని ఫలితం. కంపెనీ లెక్క శిస్తు లెక్కే, అందులో సందేహం లేదు. కాటన్ కూడా తన నివేదికలలో ఇంత ఖర్చుకు ఇంత రాబడి అని లెక్క కట్టి చూపారు. కాని ఆ అంకెల వెనుక ఆకలితో పోయిన మనుషులను మరిచిపోని ఉద్యోగి ఆయన. అంకెలు అడిగేవారికి అంకెలు ఇచ్చి, జనానికి నీరు తెచ్చే మార్గం వెతికారు.

నీరు ఎత్తున, మురుగు పల్లాన

కాటన్ ముందుగా చేసినది నేలను చదవడం. గోదావరి వేల ఏళ్ళుగా ఒండ్రు తెచ్చి పోస్తూ తన ఒడ్డులను తానే ఎత్తు చేసుకుంది. అందువల్ల డెల్టాలో నది పల్లంలో ఉండదు, మిట్ట మీద ఉంటుంది. నదికి దూరమయ్యే కొద్దీ నేల దిగుతుంది. సముద్రం వైపు కూడా మైలుకు ఒక అడుగు చొప్పున మెల్లగా వాలుతుంది. ఈ వాలును వరద ముంపుకు కారణమని అందరూ తిట్టుకుంటూ ఉంటే, కాటన్‌కు అదే వరమని తోచింది. డెల్టా తల దగ్గర నీటిని కొన్ని అడుగులు పైకి లేపితే చాలు, మిట్టల వెంట కాలువలు తీసి, చివరి ఊరి చేను దాకా నీటిని దానంతట అదే నడిచేటట్లు చేయవచ్చు.

అందుకు ఆయన ఎంచుకున్న చోటు ధవళేశ్వరం. పాపికొండల మధ్య సన్నగా, లోతుగా వచ్చిన నది ఇక్కడ లంకలతో కలిపి సుమారు నాలుగు మైళ్ళ వెడల్పుకు పరుచుకుంటుంది. వెడల్పు ఎక్కువైతే ఖర్చు ఎక్కువ కదా అనిపిస్తుంది. కాని వెడల్పున వరద పలుచబడుతుంది, కట్టడం మీద దాని ఒత్తిడి తగ్గుతుంది. లంకలు నదిని నాలుగు ముక్కలు చేశాయి గనుక ఒక్కొక్క ముక్కనూ విడిగా కట్టుకోవచ్చు. ఒడ్డునే కొండ ఉంది, కావలసినంత రాయి ఉంది. ఇంతకంటే మంచి చోటు డెల్టా తల మీద మరొకటి లేదు.

ఆయన గీతలో మూడు డెల్టాలు ఏర్పడ్డాయి. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టా, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టా, గౌతమి వసిష్ఠల నడుమ మధ్య డెల్టా అనే కోనసీమ. ప్రతి కాలువనూ పంటకు మాత్రమే గాక పడవకు కూడా పనికి వచ్చేటట్లు రూపొందించారు. పడవ నడవాలంటే నీరు వడిగా పోకూడదు, అందుకని దిగుడు ఉన్నచోటల్లా లాకులు పెట్టారు. తవ్విన మట్టి గట్టు అయింది, గట్టు బాట అయింది. లాకుల దగ్గర రేవులు, రేవుల దగ్గర అంగళ్ళు వెలిశాయి. కాకినాడ కాలువ, సామర్లకోట కాలువ, అమలాపురం కాలువ, నర్సాపురం కాలువ, ఏలూరు కాలువ అన్న పేర్లు వింటేనే ఏ ఊరు ఏ కాలువ మీద పెరిగిందో తెలుస్తుంది. ఏలూరు దగ్గర గోదావరి కాలువ కృష్ణా కాలువను కలిసింది. తరువాతి కాలంలో బకింగ్‌హామ్ కాలువతో కలిపి కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవ మీద పోగలిగారు. నదుల అనుసంధానమని ఈనాడు మనం చర్చించుకునే మాట ఈ నేల మీద అప్పుడే ఆచరణలోకి వచ్చింది.

ఇసుక మీద పునాది

1846 చివర అనుమతి వచ్చింది. 1847లో పని మొదలయింది. ఆయన అడిగినంతమంది ఇంజనీర్లనూ, మేస్త్రీలనూ ప్రభుత్వం ఇవ్వలేదు. ఇచ్చిన కొద్దిమందితో, ఎక్కువగా కుర్రవాళ్ళతోనే, ప్రారంభించారు. ధవళేశ్వరం కొండ నుంచి నది దాకా పట్టాలు వేసి రాతి బండ్లు నడిపించారు. మన దేశంలో ప్రయాణికుల రైలు ఇంకా పుట్టని రోజులవి. వర్క్‌షాపు పెట్టారు, సున్నం బట్టీలు పెట్టారు, ఎగువ అడవుల నుంచి కలప తెప్పించారు. పని ముమ్మరంగా సాగే రోజులలో వేలాది కూలీలు నదిలో ఉండేవారు.

ఆనకట్ట నాలుగు భాగాలు. ధవళేశ్వరం భాగం 4,940 అడుగులు, ర్యాలి 2,859, మద్దూరు 1,548, విజ్జేశ్వరం 2,598 అడుగులు. మొత్తం కట్టడం పొడవు 11,945 అడుగులు, అంటే రెండుంబావు మైళ్ళు. ఎత్తు మాత్రం సుమారు పన్నెండు అడుగులే. వరదను ఆపడం దాని పని కాదు. వరదను తన మీదుగా పోనిచ్చి, వరద తగ్గాక నీటి మట్టాన్ని నిలబెట్టడమే దాని పని. నదితో కలబడకుండా, నది చేత పని చేయించుకోవడంలోనే ఉంది ఆయన నేర్పు.

1848 వేసవిలో ఆయనకు వడదెబ్బ తగిలింది. ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని సెలవు మీద వెళ్ళవలసి వచ్చింది. కెప్టెన్ ఓర్ బాధ్యత తీసుకొని పని ఆగకుండా నడిపించారు. 1850లో కాటన్ తిరిగి వచ్చారు. ఏటా వరదలు పరీక్ష పెట్టేవి. దెబ్బతిన్న చోట మళ్ళీ రాయి పోసి కట్టేవారు. 1852 మార్చి 31న ఆనకట్ట పూర్తి అయింది.

ఆ తరువాత కోనసీమలో వైనతేయ పాయ ఆవల ఉన్న భూములకు నీరు పంపడానికి గన్నవరం దగ్గర అక్విడక్టు కట్టారు. నలభై అడుగుల వెడల్పు గల 49 కమానుల మీద, నది పైనుంచి కాలువను దాటించారు. లెఫ్టినెంట్ హెయిగ్ అనే యువ ఇంజనీరు రెండు వరదల నడుమ దొరికిన నెలల్లోనే దానిని ముగించారు. తరువాతి కాలంలో పక్కనే కొత్త అక్విడక్టు వచ్చినా, ఆ పాత కమానులు చూసినవారికి ఆ పని వేగం ఆశ్చర్యం కలిగిస్తుంది.

తోడు నిలిచినవారు

ఈ సందర్భంలో మనం మరువరాని పేరు వీణెం వీరన్నగారు. కాటన్ వద్ద ఉద్యోగిగా ఉండి, కూలీలను సమకూర్చడం, వారిని పనిలో నిలబెట్టడం, లెక్క చూడడం వంటి భారమంతా మోసిన తెలుగువాడు ఆయన. ప్రభుత్వం బిరుదుతో గౌరవించింది. ఆనకట్ట వద్ద ఆయన పేరు శిలాఫలకానికి ఎక్కింది. అధికారి ఊహ ఎంత గొప్పదైనా, దానిని నేల మీదకు దించేది కింది ఉద్యోగి అని మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇక రాళ్ళు కొట్టినవారు, మట్టి మోసినవారు, నడుము లోతు నీటిలో నిలబడినవారు వేలమంది. వారి పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

కృష్ణ నుంచి లండను దాకా

గోదావరి పని తరువాత కాటన్ మద్రాసు ప్రెసిడెన్సీకి చీఫ్ ఇంజనీరు అయ్యారు. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట ఆయన ప్రోత్సాహంతో, కెప్టెన్ ఓర్ నిర్మాణంలో, 1855లో పూర్తి అయింది. 1860లో పదవీ విరమణ చేశారు. 1861లో సర్ బిరుదు లభించింది.

అన్నింటా గెలిచిన మనిషి అని రాస్తే అది అసత్యం అవుతుంది. ఆయన సమర్థించిన కర్నూలు–కడప కాలువ పనిని చేపట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ నష్టాలలో కూరుకుపోయింది. చివరికి 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చింది. డెల్టాలో ఫలించిన లెక్క మెట్టలో ఫలించలేదు. అక్కడి వాలు వేరు, నేల వేరు, రైతు అలవాటు వేరు. నేలను చదవడంలో దిట్ట అయిన కాటన్ కూడా అక్కడ తొందరపడ్డారనే చెప్పాలి. దేశమంతటికీ రైళ్ళకంటే కాలువలే మేలని ఆయన జీవితాంతం వాదించారు. ఆ వాదనలో కొంత అతి ఉన్నదని ఆనాటి ఇంజనీర్లే విమర్శించారు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు డెబ్భై అయిదేళ్ళ వయసులో నిలబడి కఠినమైన ప్రశ్నలు ఎదుర్కొన్నారు. అంతకు ముందు 1876–78 కరువులో మద్రాసు రాష్ట్రంలో లక్షలాది మంది మరణించారు. గోదావరి డెల్టా మాత్రం పండి, ఇతరులకు ధాన్యం పంపగలిగింది. ఆయన వాదనకు అంతకంటే పెద్ద సాక్ష్యం లేదు.

విరమణ తరువాత ముప్ఫై తొమ్మిదేళ్ళు

మనబోటివారు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. యాభై ఏడవ ఏట ఉద్యోగం విడిచిన కాటన్ ఆ తరువాత ముప్ఫై తొమ్మిదేళ్ళు జీవించారు. ఎన్నోసార్లు జబ్బుపడి ఇక బతకడనిపించుకున్న మనిషి 96 ఏళ్ళు నిండేవరకు ఉన్నారు. ఊరకే కూర్చోలేదు. భారతదేశపు కరువుల గురించి ఉపన్యాసాలు ఇచ్చారు, పుస్తకాలు, లేఖలు రాశారు. డార్కింగ్‌లోని తన ఇంటి తోటలో నేలను లోతుగా దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. అరబ్బీ భాష నేర్చుకునేవారి కోసం వాచకం కూడా తయారు చేశారు. 1899 జూలై 24న కన్ను మూశారు. మరుసటి ఏడు కుమార్తె లేడీ హోప్ ఆయన జీవితచరిత్రను ప్రచురించారు.

మిగిలిన సగం

ఆయన కట్టిన ఆనకట్టకు కాలక్రమంలో ఎత్తు పెంచారు, షట్టర్లు అమర్చారు. అది నూట ముప్ఫై ఏళ్ళు సేవ చేసింది. దాని స్థానంలో 1970లో ఆరంభించి 1982లో పూర్తి చేసిన కొత్త బ్యారేజీకి సర్ ఆర్థర్ కాటన్ పేరే పెట్టారు. దానికి 175 తలుపులు ఉన్నాయి. నాలుగేళ్ళకే, 1986 ఆగస్టులో, సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినా అది నిలిచింది. ఇప్పుడు మూడు డెల్టాలలో పది లక్షల ఎకరాలకు పైగా సాగవుతున్నది. 2022లో జిల్లాలు విడిపోయి పేర్లు మారినా, కాలువలు మాత్రం ఆ పాత గీత మీదనే నడుస్తున్నాయి.

అయితే ఆ గీతలో రెండు సగాలు ఉన్నాయి. నీరు తేవడం ఒక సగం, మురుగు తీయడం రెండో సగం. మొదటి సగానికి దొరికిన డబ్బూ, శ్రద్ధా రెండో దానికి ఎప్పుడూ దొరకలేదు. 1964లో డెల్టా మురుగు సమస్యపై మిత్రా కమిటీ ఏర్పడటం, 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం రావడం మనలో పెద్దవారికి జ్ఞాపకమే. ఇన్నేళ్ళ తరువాత కూడా అక్టోబరు వానలకు కోతకు వచ్చిన చేను రోజుల తరబడి నీటిలో నానుతూ ఉంటే, కారణం వాన ఒక్కటే కాదు. మురుగు కాలువలు పూడిపోయాయి, గుర్రపుడెక్క అల్లుకుంది, గట్లు ఆక్రమణలో కుంచించుకుపోయాయి, ఊళ్ళ చెత్త వాటిలోకే చేరుతున్నది. పడవలు పోయాక లాకుల మీద శ్రద్ధ కూడా పోయింది. నీరు దిగే దారి మూసుకుపోతే ఎత్తున తెచ్చిన నీరే శాపం అవుతుంది. ఇది కాటన్ లెక్కలో లోపం కాదు, ఆ లెక్కను కాపాడుకోవడంలో మన లోపం.

డెల్టా అంటే కట్టి వదిలివేసే కట్టడం కాదు, ఏటేటా చక్కబెట్టుకోవలసిన ఇల్లు. ఆ చక్కబెట్టే పనిలో లస్కరు నుంచి చీఫ్ ఇంజనీరు దాకా ఎన్నో తరాల ఉద్యోగులు జీవితాలు గడిపారు. రాత్రిపూట లాంతరు పట్టుకొని గండి పడిన గట్టు మీదకు పరుగెత్తినవారు మనలోనూ ఉన్నారు. ఈ అనుభవం మనతోనే పోకుండా, ఏ మురుగు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో, ఏ తూము ఎందుకు పెట్టారో, మన ఊరి కుర్రవాళ్ళకు గట్టు మీద నడిపించి చూపడం మనం చేయగలిగిన పని.

ఏటా మే 15న కాటన్ విగ్రహాలకు పూలమాలలు వేస్తాము. ఆ రోజు ఎప్పుడు వస్తుందో గమనించారా? సరిగ్గా కాలువలు కట్టివేసి, పూడిక తీసి, గట్లు సరిచేసే వేసవి రోజుల నడుమ వస్తుంది. ఆ పూట దండ వేసిన చేతులతోనే ఊరి మురుగు కాలువ దాకా వెళ్ళి, పని జరిగిందో లేదో చూసి, జరగకపోతే అడిగి వద్దాము. నేల వాలును నమ్ముకొని బతికిన ఆ పెద్దమనిషికి అంతకు మించిన నివాళి ఉండదు.